చింతపండుతో తోమిన మోటరు

"తోమిన గద కొడుకా! దొంగతనం జేసిన్నా ఏంది, గట్ల జూస్తవు?"

బుచ్చవ్వ చేతిల చింతపండు ముద్ద అట్లనే ఉంది. ముద్దకు ఇటుక పొడి అంటుకొని ఉంది. ఎదురుంగ దొర మోటరు. ఆ మోటరు ఎడమ తలుపు మీద, అరచెయ్యంత జాగల, నల్లరంగు లేదు.

ఉప్పలయ్య నెత్తి మీది నూనె కుండ ఇంకా దించలేదు. అవిసె నూనె కోసమని నిన్న లింగాల ఘనపూర్ గానుగకు పోయినోడు, ఇప్పుడే వాకిట్ల అడుగు పెట్టిండు. పెట్టిన అడుగు పెట్టినట్టే ఆగింది.

"అవ్వా! అది మోటరే. గంగాళం గాదు!"

"గంగాళమైతే ఏంది, మోటరైతే ఏంది? రెండూ ఇనుపవే, ఇత్తడివే గద. మాసింది, తోమిన. నువ్వు కుంకుడు నీళ్ళు పోసి గుడ్డతోని తుడుస్తుంటివి. తుడిస్తే మెరుస్తదా? నా పెండ్లికి పెట్టిన తాంబాలం ఇప్పటికీ మొకం జూస్కోవచ్చు. ఎట్ల తోమిననుకున్నవు?"

"తాంబాలానికి రంగుంటదా అవ్వా?"

బుచ్చవ్వ జర ఆలోచన చేసింది. "ఉండదు," అని ఒప్పుకున్నది. "గని పిలగాడు ఇంటికొస్తడంటే చేతులు ఊకుంటయా?"

ఆ మాటకు ఉప్పలయ్య కోపం సగం దిగింది. నూనె కుండ గూడ దిగింది.

పిలగాడంటే రాజమౌళి, ఉప్పలయ్య కొడుకు. జనగామ మిలిటరీ క్యాంపుల ఉన్నడు. మూడెండాకాలాల కింద నర్మెట్ట తొవ్వల వాగు కాడ మిషన్ దవాఖాన మోటరును తగలబెట్టిండని వాని మీద కేసు. చూసినమని చెప్పింది దొర గడి మనుషులు. వాడు దొరల మీద లేచిన సంఘంల తిరిగిన మాట నిజమే. మోటరు ముచ్చట మాత్రం "నేను గాదు నాయినా" అని ఒట్టు పెట్టి చెప్పిండు. అగ్గిపెట్టె సంగతి దేవుడెరుగు, ఆ దినం వాడు మానుకోటల మేనత్త ఇంట్ల జరమొచ్చి పండుకున్నడు. మేనత్త సాక్ష్యం క్యాంపుల ఎవలు ఇంటరు?

ఆ కాలిన మోటరు గురించి మా సుట్టుపక్కల ఊళ్ళల్ల చెప్పని కథ లేదు. వాగు కాడ దొరికింది ఇంత బూడిద, కాలిన టైర్ల తీగలు, సీట్ల దూది. అంతే. మరి ఇనుమంతా ఏమైందని అడిగితే, సంఘపోళ్ళు ముక్కలు చేసి మూటలు గట్టి భూపాలపల్లి అడివికి మోసిండ్రని, ఆడ కమ్మరోళ్ళు దాన్ని కరగబెట్టి తుపాకులు చేసిండ్రని చెప్పేటోళ్ళు. ఎన్ని తుపాకులయ్యా అంటే, చెప్పేటోడు కల్లు తాగక ముందు పది, తాగినంక నూరు. ఒక్క కొలిమి కాడ గూడ అంత ఇనుము దిగినట్టు ఎవలూ చూడలేదు. చూడలేదు గనుకనే కథ అంత బాగ నడిచింది.

ఇగ ఈ వాకిట్లున్న మోటరు దొరది. సంఘపోళ్ళు తొవ్వలన్నీ తవ్వినప్పుడు దొర మోటరును గడిల వదిలేసి పట్నం పారిపోయిండు. కచ్చురం బండిల గడ్డి కింద పండుకొని పోయిండని కొందరంటరు. చీర కట్టుకొని పోయిండని ఇంకొందరంటరు. చీర మాట ఒప్పుకున్నోళ్ళల్ల గూడ రంగు కాడ పంచాయితీ, పసుపుదా, నెమలికంటిదా అని. దొర లేని రెండేండ్లు కొట్టం కప్పు ఊడి ఎండా వానా మోటరు మీదనే పడ్డయి. కోళ్ళు ఇంజిన్ల గుడ్లు పెట్టినయి. నల్లరంగు సున్నమోలె తెల్లబారి, చెయ్యి పెడితే చేతికంటేది.

ఇప్పుడు దొర మిలిటరీ ఎనుక ఊళ్ళెకొస్తున్నడు. వచ్చుడు ఆ మోటరు మీదనే రావాలెనట. రంగు పని తెలిసినోడు ఊళ్ళె వడ్ల ఉప్పలయ్య ఒక్కడే. బండ్లు, పల్లకీలు చెక్కి రంగులేసిన చెయ్యి. అందుకని రెండెడ్లను గట్టి మోటరును ఆయన వాకిట్లెకు గుంజుకొచ్చిండ్రు. "కొత్తదోలె చెయ్యి. దొర క్యాంపు కెప్టెన్ చెవిల ఒక మాటేస్తడు, నీ కొడుకు ఇంటికొస్తడు," అన్నరు. చెయ్యకపోతే ఏమైతదో గూడ అన్నరు. ఎల్లుండి క్యాంపు నుంచి జాల్నా జైలుకు లారీ పోతది.

రేపే దొర వచ్చుడు.

సోమక్క అర్రల నుంచి చాట పట్టుకొని వచ్చింది. రాజమౌళి తల్లి. మొగని మొకం చూసింది, అత్త చెయ్యి చూసింది, మోటరు తలుపు చూసింది.

"అత్తా, ఏం జేసినవే!"

"నన్నందరు అనుడే గని, గది జూసిండ్రా?" బుచ్చవ్వ ముద్దున్న చేత్తోనే చూపించింది. "నల్లరంగు కింద ఇనుము గానొస్తలేదు. పచ్చగుంది. గదేంది?"

ముగ్గురు వంగి చూసిండ్రు. నిజమే. అరచెయ్యంత జాగ నిండ చిలుకపచ్చ. మెత్తగ, నున్నగ, మీది నలుపు కన్న మంచి పని.

"రంగు కింద రంగుంటది," అన్నడు ఉప్పలయ్య. "కిందిపూత, అస్తరు వేసి ఉంటరు."

"పచ్చ అస్తరు ఏస్తరా ఎవలన్నా?"

ఉప్పలయ్య గోరుతో పచ్చను గీకి చూసిండు. పచ్చ అస్తరు తనే ఎన్నడూ వెయ్యలేదు.

"బొంబాయి నుంచి ఓడల వచ్చిన కొత్త మోటరంటిరి గద," బుచ్చవ్వ ఊకోలేదు. "దొర ఊరంత చాటిచ్చె. కొత్తదానికి రెండు రంగులెందుకురా?"

"అవ్వా, నీకు దండం పెడ్త. నాకు రేపటి దాకనే టైమున్నది. ముందు గిది మాపాలె."

"దానిదేముంది? నూనెరంగు పుయ్యి."

"నూనెరంగు ఆరనీకె నాలుగొద్దులు గావాలె. మసి, మైనం పూసుడొక్కటే దారి. పూసిన యాళ్ళకే మెరుస్తది."

"లక్క కలుపు మల్ల. మరిచేవు!" బుచ్చవ్వ చెయ్యెత్తింది. "మీ బాపు నర్సింహులపేట పెండ్లి బండికి ఏం జేసిండు? లక్క లేదని ఒట్టి మైనంల మసి కలిపి పూసె. పొద్దుగాల అద్దమోలె ఉండె. ఎండెక్కినంక చుక్క చుక్క కారవట్టె. పెండ్లికొడుకు తెల్ల ధోతి తోటి ఎక్కిండు, బొగ్గు కొట్టేటోని లెక్క దిగిండు. పిల్ల తల్లి చూసి, మేం అనుకున్న పిలగాడు వీడు గాదు, ఎర్రగుంటడంటిరి అని ఎదురు తిరిగె. మొకం కడిగి చూపిస్తెగని లగ్గం గాలె!"

సోమక్కకు నవ్వొచ్చింది. నవ్వే టైం గాదని కొంగు నోట్ల కుక్కుకున్నది.

అంతల వీధిల నుంచి చెప్పుల సప్పుడు వినొచ్చింది. గడి గుమాస్తా రఘునాథ్ పంతులు చెప్పులు. అట్ల కిర్రుమనేటియి ఊళ్ళె ఇంకెవలకూ లేవు.

"ఏమిరా ఉప్పలిగా!"

ఈ పిలుపుకు గూడ ఓ చరిత్రున్నది. సంఘం రాకముందు ఈయన ఉప్పలిగా అనేది. సంఘం జెండా ఎగిరిన దినాలల్ల ఉప్పలయ్యా అన్నడు. ఒక్కనాడైతే, సంఘం దళం ఊళ్ళెనే ఉండంగ, ఉప్పలయ్యగారూ అని గూడ అన్నడు. విన్నోళ్ళున్నరు. మిలిటరీ వచ్చినంక మల్ల ఉప్పలిగా అయ్యింది. ఊళ్ళె రాజ్యం ఎవలదో తెలుసుకోనీకె మాకు అఖ్బారు అవసరం లేకుండె.

గుమాస్తా వాకిట్లెకొచ్చే లోపల బుచ్చవ్వ దబ్బున మోటరు ఎడమ తలుపుకు ఈపు ఆనించి కూలబడ్డది. పచ్చ మచ్చ ఆమె ఈపు కిందికి పోయింది.

"నమస్తె పంతులూ. మోకాళ్ళు లేస్తలెవ్వు, ఏమనుకోకు."

గుమాస్తా ఏమనుకోలేదు. మోటరు ముందరికి పోయి ముందు రేకు చూసిండు. ఉప్పలయ్య మొన్నటి దాక ఆ ఒక్క భాగమే చేసిండు. కుంకుడు నీళ్ళతో కడిగి, తెల్లబారిన పొరను తడిగుడ్డతో తుడిచి తుడిచి తీసి, ఉన్న కాస్త నూనె, తేనె మైనం వేసి రుద్దిండు. సచ్చిన రంగు లేచి కూసున్నట్టున్నది. గుమాస్తా వంగి రేకుల తన పగిడి చూసుకొని సర్దుకున్నడు.

"బాగుంది. ఇట్లనే అంతా చెయ్యి. కడుగుడు, నూనె పెట్టుడు. గంతే. గీకుడు, తోముడు పెట్టుకోకు."

"ఎందుకు పంతులూ?" కిందికెళ్ళి బుచ్చవ్వ.

"ఎందుకేంది? దొరవారు చెప్పిండ్రు, గీకొద్దని."

"పట్నంల కూసోని, దొరకు మోటరు గీకుడు యాదికొచ్చిందా? ఊరు యాదికి రాలేదా, గడి యాదికి రాలేదా?"

"ముసల్దానా, నోరెక్కువైంది నీకు. లే, తలుపు జూడనియ్యి."

సోమక్క చేతిల చాట ఆగింది.

"లేస్త గని పంతులూ, జర చెయ్యందియ్యి. పొద్దుగాల బర్లకు కుడితి కలిపిన చేతులు, ఏమనుకోవు గద," అని బుచ్చవ్వ రెండు చేతులు చాచింది. చింతపండు, ఇటుక పొడి, బూడిద కలిసిన చేతులు.

గుమాస్తా తెల్ల అంగీ చూసుకొని ఎనుకకు జరిగిండు. "కూసో కూసో. రేపు చూస్త."

పోతా పోతా గడప కాడ ఆగిండు. "పొద్దు నెత్తి మీదికొచ్చే యాళ్ళకు దొరవారు పొలిమేరకొస్తరు. కెప్టెన్ సాబు వస్తడు. మిషన్ దవాఖాన డాక్టరమ్మ గూడ వస్తుంది. పాపం వాళ్ళ మోటరు పోయె గద, దొరవారు దవాఖానకు ఏదో దానం చదివిస్తరట. ఊరంతా చూస్తది. నీ కొడుకు నసీబు నీ చేతులల్ల ఉన్నది."

కిర్రు కిర్రుమంటూ పోయిండు.

బుచ్చవ్వ లేచింది. మోకాళ్ళు ఏ నొప్పీ లేకుండ లేచినయి. "గీకొద్దన్నడు," అన్నది, చిన్నపిల్ల పొట్లం చూసినట్టు మోటరును చూస్తూ. "గీకొద్దన్నడంటే గీకితే ఏదో ఉన్నట్టే."

"అవ్వా, నువ్వు ముట్టకు!"

"నేను ముట్టనురా. నువ్వే ముట్టు."

ఉప్పలయ్య ముట్టేటోడు గాదేమో. కని అప్పుడే వీరమ్మ వచ్చింది. చల్ల కోసం దుత్త పట్టుకొని వచ్చింది. మిషనోళ్ళు పెట్టిన పేరు రూతమ్మ. ఊరు పిలిచే పేరు వీరమ్మ. ఏ పేరుతో పిలిచినా పలికేది. మిషన్ దవాఖానల డాక్టరమ్మ కింద ఆయా పని చేస్తది. కాన్పులకు ఊరూరు తిరుగుతది.

"సోమక్కా, జర చల్ల..." అని, అన్న మాట సగంల ఆపింది. దుత్త సంకల పెట్టుకొని మోటరు దగ్గరికి పోయింది. పచ్చ మచ్చ మీద వేలు పెట్టింది. తీసింది. మల్ల పెట్టింది.

"ఉప్పలన్నా. గిదెక్కడిది?"

"ఏది?"

"గీ పచ్చ."

"నల్లరంగు కిందికెళ్ళి వచ్చింది. ఏం?"

వీరమ్మ చుట్టూ తిరిగి ఎనుక తలుపు తెరిచింది. సీటు కింద చెయ్యి పెట్టి దేవులాడింది. సీటు కింది చెక్క మీద ఎర్రటి మరక ఒకటున్నది. దాన్ని వేలితో తడిమింది.

"టించర్ మందు సీసా," అన్నది మెల్లగ. "లస్మయ్య పెండ్లాన్ని కాన్పుకు తీస్కపోయినప్పుడు నా చేతులకెళ్ళి జారి పగిలింది. డాక్టరమ్మ కోప్పడ్డది. ఎంత కడిగినా పోలే. గిదే చెక్క. గిదే మరక. గీ మోటర్ల నేను ఎన్ని ఊళ్ళు తిరిగిన్నో! ఉప్పలన్నా, గిది మా మోటరే."

గాటికాడ బర్రె ఒక్కటే తోక కొట్టింది.

"కాలిపోయింది గద మీ మోటరు," అన్నది సోమక్క.

"కాలిపోయిందనే అన్నరు."

"తగలబెట్టింది నా కొడుకు అన్నరు."

"అన్నరు."

బుచ్చవ్వ ఇద్దరి నడుమ నుంచి పోయి చింతపండు ముద్ద తెచ్చింది. ఈసారి కొడుకును అడగలేదు. కొడుకు గూడ వద్దనలేదు. కొంగు నడుముకు చెక్కి తోముడు మొదలు పెట్టింది. వీరమ్మ ఇటుక పొడి అందించింది. సోమక్క నీళ్ళు పోసింది. నలుపు బురదోలె కారి పోతుంటే కింద చిలుకపచ్చ పెద్దగైంది. తలుపు నడిమికొచ్చేసరికి పచ్చ ఆగి తెలుపొచ్చింది. గుండ్రటి తెలుపు. ఆ తెలుపు నడుమ, జాజుతో గీసినట్టు, ఎర్రటి సిలువ.

వీరమ్మ నొసటి మీద, రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నది. బుచ్చవ్వ గూడ ఎందుకన్నా మంచిదని దండం పెట్టింది.

"తగలబెట్టింది ఒట్టి టైర్లను, సీట్లను," అన్నడు ఉప్పలయ్య, తనలో తను మాట్లాడుకున్నట్టు. "దొర కొత్త టైర్లు, సీట్లేసి, నల్లరంగు పూసి, బొంబాయిది అన్నడు."

"ఇంకేంది!" సోమక్క కొంగు తోటి చేతులు తుడుసుకున్నది. "వీరమ్మా నడువు. డాక్టరమ్మ కాడికి పోదాం. ఆమెను తోల్కొని క్యాంపుకు పోదాం. నా కొడుకు కాలబెట్టిన మోటరు గిదిగో, జూడుండ్రి అని చెప్త!"

"పోకు."

"ఏంది?"

"పోకు అంటున్న," అన్నడు ఉప్పలయ్య. "నువ్వు జనగామ చేరక ముందే గడికి తెలుస్తది. నువ్వు కెప్టెన్‌ను తోల్కొని వచ్చేసరికి ఈడ మోటరుండదు. ఈసారి నిజంగనే కాలుస్తరు. కాల్చినోడు ఉప్పలిగాడంటరు."

"అయితే?"

"మసి పూస్త. మాపుత. రేపు మోటరు దొరకు ఇస్త."

సోమక్క నమ్మలేనట్టు చూసింది.

"దొర మాటను నమ్ముతున్నవా? మోటరు దొంగతనం చేసి, ఆ దొంగతనం నా కొడుకు నెత్తి మీద పెట్టినోని మాటనా? ఓ మాట వేస్తడట! నేరం లేనోన్ని మాఫీ చేస్తడట! వాడు బయటికొచ్చినా జిందగీ అంతా దొర ఇడిపిచ్చిన దొంగ అనే బతకాలె. అట్ల గావాల్నా నీకు?"

"నాకు వాడు లారీ ఎక్కొద్దు."

"నాకెక్కాలెనా? నేను కన్నతల్లిని గాదా?"

"అరువకు."

"అరుస్త! ముప్పై ఊళ్ళ సంఘం దొరకు దండం పెట్టమని నేర్పియ్యలేదు. నా కొడుకు నేర్సుకున్నడు. వాని నాయిన నేర్సుకోలే!"

ఆ మాట గట్టిగనే తగిలింది. ఉప్పలయ్య తిరిగి పోయి పొయ్యి రాజేసిండు. గురుగుల మైనం వేసిండు. దీపాల మసి తెచ్చిండు. వీరమ్మ దుత్త తీసుకొని, చల్ల లేకుండనే, మొకం ముడుసుకొని లేచింది.

ఆమె గడప దాటుతుంటే ఎనుక నుంచి ఉప్పలయ్య అన్నడు.

"వీరమ్మా. రేపు డాక్టరమ్మతోటి నువ్వు గూడ వస్తవా?"

"వస్త. ఏం?"

"మోటరు ఎడమ దిక్కు నిలబెట్టు ఆమెను. కెప్టెన్‌ను గూడ ఆ దిక్కే రమ్మను. పొలిమేర కాడి తంగేడు పొదల దిక్కు. జనం లేకుండ మంచిగుంటది."

"అటు దిక్కు నీడనే లేదు గదన్నా. ఎండకు సస్తరు."

"నిలబెట్టు అంటున్న."

వీరమ్మ వింతగ చూసి పోయింది.

ఆ పొద్దంత సోమక్క మొగనితోటి మాట్లాడలేదు. బువ్వ పెట్టింది, గిన్నె ముందర పెట్టి పోయింది. బుచ్చవ్వ ఒక్కతే నడుమ తిరిగింది. ఇద్దరి మొకాలు చూసి, మోటరు దగ్గరికి పోయి, మసి మైనం కింద మాయమైతున్న సిలువను చూసింది.

"పాపం, గిప్పుడే వచ్చిండు, అప్పుడే దాగిండు," అన్నది.

ఉప్పలయ్య నవ్వలేదు. వేడి వేడి మైనం గుడ్డతో పూసి, గుండ్రంగ రుద్ది, మల్ల పూసిండు. తలుపు అద్దమైంది. మిగిలిన మోటరుకు అవిసె నూనె పెట్టి రుద్దేసరికి అది గూడ అద్దమైంది. ఆ రెండు నలుపులకు తేడా పట్టుడు ఎవలతోటీ గాదు. పక్క పక్క పెట్టి చూపించినా గాదు.

తెల్లారి గుమాస్తా ఎడ్లను తోల్కొని తొందరగనే వచ్చిండు. మోటరును చూసి నోరు తెరిచిండు. ఆ నోట్లె ఈగ పోయి, అటు ఇటు తిరిగి, తొవ్వ దొరికి బయటికొచ్చిందని బుచ్చవ్వ తరువాత చానా మందికి చెప్పింది.

"శభాష్! గడిల కూడా ఇంత మెరుపు లేకుండె. కట్టుండ్రి ఎడ్లను."

"ఆగు పంతులూ," అన్నడు ఉప్పలయ్య. "మొకం ఇప్పుడే అందరికీ జూపిస్తవా? తొవ్వల దుమ్ము పడ్తది. ఈ ఎడమ తలుపు మీద తడి గోనెపట్ట కప్పి తీస్కపో. ఆరినప్పుడల్లా నీళ్ళు జల్లు. దొర ఎక్కి కూసున్నంక, అందరు జూస్తుండంగ తియ్యి. కొత్త పెండ్లికూతురు మొకం మీది కొంగు తీసినట్టు."

గుమాస్తాకు ఆ మాట మస్తు నచ్చింది. అది తన ఆలోచనే అని దొరకు చెప్పుకోవాలని గూడ అప్పుడే నిశ్చయించుకున్నడు. మొకంల కనబడ్డది.

"మంచిగ చెప్పినవు, ఉప్పలయ్యా," అన్నడు. అయ్యా అని నోరు జారినందుకు మల్ల దగ్గిండు.

ఎడ్లు గుంజినయి. మోటరు కదిలింది. ఇంజిన్ సచ్చి రెండేండ్లాయె. ఇగ దొర ఎక్కి స్టీరింగు తిప్పుతుంటడు, ఎడ్లు తమకు తెలిసిన తొవ్వల తాము పోతుంటయి. మోటరు పక్కన తడి గోనెపట్ట మీద నీళ్ళు జల్లుతూ గుమాస్తా స్వయంగా నడిచిండు.

పొలిమేర దిక్కు డప్పులు మొదలైనయి.

ఉప్పలయ్య వాకిట్ల అరుగు మీద కూసోని ఆకాశం దిక్కు చూస్తున్నడు. సోమక్క లోపల నుంచి చూసింది. కొడుకు నసీబు కాడ మనిషి ఇట్ల కూసోవచ్చునా అని ఆమెకు కోపమెక్కింది. నిన్నటి నుంచి దాచిపెట్టిన మాటలన్నీ ఇప్పుడనాలని బయలుదేరింది. కని వట్టిచేతులతో పోయి అరిస్తే ఎట్లని, గూట్ల ఉన్న ఎండుమిర్చి బుట్ట అందుకోబోయింది, పని చేసుకుంట అరవొచ్చని.

బుట్ట ఎనుక చెయ్యికి గట్టిగ ఏదో తగిలింది.

తీసి చూసింది. లక్క. ఉప్పలయ్య పోయిన వారం జనగామ కొట్ల తెచ్చిన లక్క ముద్ద. కాగితం పొట్లం విప్పనైనా విప్పలేదు. కట్టిన దారం కట్టినట్టే ఉంది.

సోమక్క దాన్ని చేతిల తిప్పి చూసింది. నర్సింహులపేట పెండ్లికొడుకు తెల్లధోతి యాదికొచ్చింది. తంగెళ్ళ దిక్కు యాదికొచ్చింది. నీడ లేని జాగ. తడి గోనెపట్ట. అది తీస్తే ఎండకు కారే మైనం, మైనం కింద సిలువ.

మెల్లగ బయటికి నడిచి మొగని పక్కకు కూసున్నది. లక్క ముద్దను ఇద్దరి నడుమ అరుగు మీద పెట్టింది.

"మరిచిపోయినవా?" అని అడిగింది.

ఉప్పలయ్య లక్కను చూసిండు. ఆమెను చూసిండు. రెండొద్దుల నుంచి మొదటిసారి పెదవి చివర ఏదో కదిలింది.

"మరిచిపోయిన," అన్నడు. "మా బాపు లెక్కనే."

"మీ బాపు మరిచిపోలే. లక్క లేకుండె."

"గదీ నిజమే."

బుచ్చవ్వ గడప కాడ నిలబడి ఇదంతా విన్నది. వచ్చి ఇద్దరి నడుమ, లక్క ముద్ద పక్కన ఇరికి కూసున్నది. ముగ్గురు తల ఎత్తి చూసిండ్రు.

చైత్రం ఎండ. నిన్న, మొన్న, అంతకు ముందు నెలంత, బాయిల నీళ్ళు తాగి, బర్ల ఈపులు పగలగొట్టిన ఎండ. సోమక్క తిట్టని తిట్టు లేదు దాన్ని. ఇయ్యాల ఆ ఎండే కొడుకును ఇంటికి తేవాలె.

డప్పులు ఒక్కసారిగ ఆగినయి. పొలిమేర కాడ జనం "జై" అన్నరు. దొర ఎక్కినట్టుంది. గోనెపట్ట తీసినట్టుంది.

అప్పుడు బుచ్చవ్వ కొడుకు మోకాలు మీద గట్టిగ గిల్లింది.

తూర్పు దిక్కు నుంచి, ఈ నెలంతల ఒక్కనాడైనా కనబడని మబ్బొకటి, చాటంత మబ్బు, ఎవలో పిలిచినట్టు నెత్తి మీది పొద్దు దిక్కే వస్తున్నది.